విప్పకుండా దాటించడం

సింగరాయకొండ స్టేషన్ రోడ్డులో
టైర్ల కొట్టు మీద మేడగది.
ఏసీ నీళ్లు బకెట్లో పడుతున్నాయి, చుక్క చుక్కకీ ఒక లెక్క.
రాత్రి ఒకటీ ముప్పావు.

నెల్లూరు దిక్కు నెట్‌వర్కు నేను చూస్తాను,
ఒంగోలు దిక్కుది మస్తాన్‌బీ చూస్తుంది.
మధ్యలో ఇదిగో, మాలకొండయ్య పెట్టె.
పదిహేనేళ్ల నాటిది.
మూత మీద ముట్టుకోవద్దని కాగితం అంటించి ఉంది,
అంటించిన జిగురు కూడా ఎండిపోయింది.

మా ఇద్దరివీ కొత్త భాష నేర్చిన పెట్టెలు.
దారి చెప్పి ఊరుకోవు.
ఎక్కడ ఇరుకు, ఎంత ఆలస్యం, ఎవరిని నమ్మొచ్చు,
అంతా ఒక చీటీ రాసి దారికి కట్టి పంపుతాయి.
ఆయన పెట్టెకి వచ్చింది పాత మాటొక్కటే:
ఫలానా చోటికి నా మీదుగా పోవచ్చు,
నా అవతల వీళ్లు, వీళ్ల అవతల వాళ్లు.
పేర్ల దండ, అంతే.
ఆ దండలో తన పేరు తనకే కనబడితే
తిరిగి తిరిగి నా గుమ్మానికే వచ్చిందే అని
చప్పుడు చేయకుండా అవతల పారేస్తుంది.
ఆ పాటి తెలివి మనకుంటే
సగం పుకార్లు టంగుటూరు టోల్‌గేటు దాటవు.

చీటీని మాత్రం అది బతకనివ్వదు.
నేను కట్టి పంపింది ఒంగోలు చేరేసరికి
ఒట్టి దండ.
"మళ్లీ రాలేదండీ" అంటుంది మస్తాన్‌బీ,
మూడు వారాలుగా అదే మాట, అదే మర్యాద.

పెట్టె మార్చక్కర్లేదు, చీటీ చదవక్కర్లేదు,
ఉన్నది ఉన్నట్టు అవతలికి అందిస్తే చాలన్నాను.
"నాకు తెలవని సరుకు నా మీదగా ఎట్ట పోనిస్తానబ్బాయా?
రేపేదన్నా అయితే దండలో పేరు నాదే గదా ఉండేది."
సబబే.
నా దగ్గర జవాబు లేదు.

అయినా బతిమాలి ఒకసారి తోశాం.
ఎరగని మాట చెవిన పడగానే పెట్టె బెదిరింది,
ఇరుగూ పొరుగూ అందరితో తెగతెంపులు.
పదకొండు నిమిషాలు కందుకూరు దాకా చీకటి.
లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, చీకటి ఫోన్లలో.
చెరువులో ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో
మంచం మీద నుంచే సెల్లులో చూసుకునే రైతులు
వరసగా ఫోన్లు.
"ఆక్సిజన్ పడిపోతే నువ్వొచ్చి ఊదతావంటయ్యా?" అని ఒకాయన.

తిడతాడనుకున్నాను.
మాలకొండయ్య మెట్ల మీద కూచుని
ఆక్సిజన్, అన్నాడు తనలో తనే.
"ఇది పెట్టకముందు రొయ్యపిల్లల బండి తోలినా నేను.
రామాయపట్నం కాడ హేచరీలో ఎత్తుకుంటే
పొద్దు పొడవకముందే చెరువుల కాడ దించాల.
గాలి నింపిన సంచులు, పైన అట్టపెట్టెలు.
లోపల లక్షుండాయో, లక్షకి పది తక్కువుండాయో నాకేం తెలుసు?
చెక్‌పోస్టు కాడ ఒకడు విప్పమన్నాడు.
విప్పితే చస్తాయి సార్ అన్నా.
పైన రాసింది చూడు, బరువు చూడు,
కారతందేమో తడిమి చూడు. విప్పబాక."

కాసేపు మాట లేదు. గూడ్సు బండి పోయింది.
"మీ దాంట్లో తడిమి చూసేదానికి వీలుందా?"

ఉంది. పొడుగు కొలవొచ్చు.
ఎవరు ముద్ర వేశారో చూడొచ్చు,
ముద్ర చెదిరితే పారేయొచ్చు.
"మొదలే ఆ మాట చెప్పవేందీ!"

నేను నాలుగు వరసలు రాసిచ్చాను.
ఒంటివేలితో రెండు కొట్టేశాడు,
మూడోదాంట్లో పొడుగుకి ఇంకా దగ్గరగా హద్దు గీశాడు,
నాలుగోది రెండుసార్లు చదివి ఉంచాడు.

రెండూ యాభై ఐదు. పెట్టె బెదరలేదు.
ఫోన్లో మస్తాన్‌బీ ఊపిరి ముందు వినబడింది,
తర్వాత, "వచ్చిందండీ. నలగలేదు."

"ఏముందంట దాంట్లో?" అన్నాడు మాలకొండయ్య.
నేను నోరు తెరిచేలోపలే చెయ్యి అడ్డంపెట్టి
"వద్దులే" అన్నాడు.

బకెట్టు అంచుదాకా నిండింది.
ఆయనే ఎత్తుకుని
చీకట్లో మెట్లు దిగిపోయాడు,
కింద టైర్ల మీద చుక్క ఒలకకుండా.